ఎదురాకు

ఉప్పలదిబ్బ, దివిసీమ
సెప్టెంబరు 6, 2001

ఉమాశంకరం బావకి,

కాలవలో నీళ్లున్నాయి. గొడ్లకి మేత ఉంది. అన్నపూర్ణకి నా మీద కోపం ఉంది. అంటే ఇక్కడ అందరం బాగున్నట్టే.

నీ మనవరాలు భవిత మా ఇంట్లో దిగింది. ముందు ఒక ముక్క రాయలేదేం? సోమవారం పొద్దున్న గుమ్మంలో ఇద్దరు ఆడపిల్లలు, భుజాన సంచులు. ఒకమ్మాయి నన్ను చూసి "తాతయ్యా, నేను గుడివాడ ఉమాశంకరం గారి మనవరాలిని" అంది. గొడ్ల పాకలోకి వెళ్లిపోయాను. అన్నపూర్ణ బయటికి లాక్కొచ్చింది.

వాళ్ల చదువు సంగతి నాకు అర్థమైనంత రాస్తున్నాను. బందరు కాలేజీలో యూనివర్సిటీ వాళ్లు టూరిజం కోర్సు పెట్టారట. ఆ కాలేజీకీ విజయవాడలో ఒక ట్రావెల్స్ కంపెనీకీ ఒప్పందం. పిల్లలు మూడు నెలలు క్లాసులు వదిలి ఒక్కో ఊళ్లో ఉండాలి. జనాన్ని ఎక్కడ దింపాలో, ఏం చూపించాలో, ఏం తినిపించాలో వాళ్లే ఆలోచించి ఒకరోజు యాత్ర తయారుచెయ్యాలి. కంపెనీ బస్సు ఇస్తుంది. సగం మార్కులు కూడా కంపెనీ వాళ్లే వేస్తారు. ఒక జట్టు మంగినపూడి తీసుకుంది. ఇంకో జట్టు పెడనలో అద్దకాల వాళ్ల దగ్గరికి వెళ్లింది. భవిత మన ఊరే కావాలని పట్టుబట్టిందట. ఎందుకమ్మా అన్నాను. "మా తాతయ్య ఈ ఊరి గురించి ఒక్క మాట కూడా చెప్పడు. అందుకే" అంది.

నిన్న నాకే పాఠం పెట్టింది. బస్సు దిగినవాళ్లకి నేను నమస్కారం చేసి ఊరి గురించి రెండు మాటలు చెప్పాలట. నమస్కారం వరకూ బాగానే చేశాను.

మొదటి బస్సులో బయటివాళ్లు రారు. పిల్లల ఇళ్లలోవాళ్లనే అతిథులుగా తెస్తారు. లోటుపాట్లు వాళ్లు చెబితే దిద్దుకోవచ్చని. కార్తీకమాసంలో పెడతారట. ఉప్పెన తర్వాత నువ్వు ఒంటి మీద బట్టలతో బస్సెక్కి వెళ్లావు. మళ్లీ ఈ ఊళ్లో అడుగు పెట్టలేదు. ఆ బస్సులో నువ్వు రావాలి బావా. రాగలవా?

నాంచారయ్య


గుడివాడ
సెప్టెంబరు 14

నాంచారయ్య బావా,

నీ దగ్గర్నుంచి ఇంత పొడుగు ఉత్తరమా! అడ్రసు తప్పలేదు కదా అని పోస్టుమాన్ని అడిగాను. బళ్లో మేష్టారు పేరు అడిగితే పక్కవాడి మొహం చూసేవాడివి. ఆ పక్కవాణ్ణి నేనే. నీ పేరు కూడా నేనే చెప్పేవాణ్ణి. అలాంటి నువ్వు టూరిస్టులకి స్వాగతం చెబుతావా? ఆ కంపెనీ మునిగిపోతుంది.

ఊళ్లు తిరిగినందుకు డిగ్రీ ఇస్తారని తెలిస్తే మనిద్దరం ఎప్పుడో డాక్టర్లం అయ్యేవాళ్లం. మా మధుసూదనరావు ఎరువుల కొట్లో కూర్చుని వచ్చినవాడికల్లా చెబుతున్నాడు, మా అమ్మాయి కంపెనీ ట్రైనింగులో ఉందండీ అని. ఏ కంపెనీ అని వాళ్లడిగితే నాంచారయ్య గారి గొడ్ల పాక అని నేను అందిస్తున్నాను. కొడుక్కి కోపం వస్తోంది. నాకు పొద్దుపోతోంది.

మీ ఇంట్లో దిగుతున్నట్టు నాకూ చెప్పలేదు. కోడూరు దగ్గర ఏదో ఊరంది. నేను వద్దంటానని దానికి తెలుసు.

నా రాక సంగతి వదిలెయ్. మోకాళ్లు బాగోలేవు. బస్సు ఎక్కగలను గానీ దిగలేను.

పిల్లని సముద్రం వైపు ఒంటరిగా పంపకు. మబ్బు పడితే అసలు ఇల్లు దాటనియ్యకు. నవ్వుకోకు.

మా స్థలంలో ఇప్పుడేముంది? ఊరికే అడిగాను.

ఉమాశంకరం


ఉప్పలదిబ్బ
అక్టోబరు 8

బావా,

నవ్వుకోలేదు. పిల్ల ఎటు వెళ్లినా వెనకాల నేను వెళ్తున్నాను. "తాతయ్యా, మీరు మా గైడా, నేను మీ గైడునా" అంటుంది.

మీ స్థలంలో ఏమీ లేదు. గడ్డి. ఎవరూ కట్టలేదు, ఎవరూ అడగలేదు. ఏటా కంప కొట్టిస్తాను. చింతమొక్క ఒకటి దానంతటదే లేచింది. దాన్ని కొట్టనియ్యలేదు.

మొన్న కంపెనీ మేనేజరు వచ్చాడు. పేరు హేమంత్. చిన్నవాడే, మంచివాడే. అన్నపూర్ణ మజ్జిగ ఇస్తే నిలబడి తాగాడు. కూర్చోమంటే ప్యాంటు నలుగుతుందన్నాడు. యాత్ర మొత్తం నాకు చదివి వినిపించారు. పొద్దున్న పులిగడ్డ అక్విడక్టు. తర్వాత హంసలదీవి గుడి, కృష్ణ సముద్రంలో కలిసేచోట స్నానం. మధ్యాహ్నం మన తోటలో ఉసిరిచెట్టు కింద వనభోజనం. ఆ తర్వాత ఆటలు, పాటలకి మైకు.

తారీఖు కూడా పెట్టారు. హేమంత్ అన్నాడు. "పద్దెనిమిది ఆదివారం అనుకున్నామండీ. మర్నాడు పంతొమ్మిది కదా, డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చిన తారీఖు. భవిత వద్దంది. అందుకని ఆ పై వారం, ఇరవై ఐదో తారీఖుకి మార్చాం. మీకేం ఇబ్బంది లేదు కదండీ?"

పిల్లలిద్దరూ నా మొహం చూశారు. లేదని తలూపాను.

అతిథుల్లో నీ పేరు మొదట రాసుకుంది భవిత. అన్నపూర్ణ నీకోసం మంచానికి కొత్త నులక అల్లించింది. పొలం గట్టు మీద నువ్వు కూర్చునే చోట నేను ఇప్పటికీ కూర్చోను. అలవాటు. నువ్వొచ్చి ఒకసారి కూర్చుంటే చూడాలని ఉంది.

నాంచారయ్య


గుడివాడ
అక్టోబరు 29

బావా,

దసరాకి భవిత ఇంటికొచ్చింది. వచ్చిందగ్గర్నుంచీ మీ ఇంటి కబుర్లే. అన్నపూర్ణ నిన్ను తిట్టే తీరు చేసి చూపించింది. అచ్చం అదే. నువ్వు తిట్లు తినే తీరు కూడా చూపించింది. ఏమీ చెయ్యలేదు, ఊరికే నిలబడింది. నవ్వి నవ్వి నాకు పొలమారింది.

తర్వాత నా మంచం మీద కూర్చుంది. "తాతయ్యా, అందరి తరఫునా ఎవరో ఒకరు వస్తున్నారు. నా తరఫున నువ్వు రావాలి" అంది. మీ నాన్న వస్తాడులే అన్నాను. "నాన్న ఆ ఊరు మర్చిపోయాడు. నువ్వు మర్చిపోలేదు" అంది. దానికి ఇరవై నిండాయి. ఇలా మాట్లాడమని కాలేజీలో నేర్పారా, కంపెనీలో నేర్పారా?

వస్తాను బావా. ఇదిగో, సిరాతో రాసేశాను. ఇంక కొట్టెయ్యటానికి లేదు. కార్తీకం కాబట్టి చేపల పులుసు పెట్టరు. కంద బచ్చలి కూర చెయ్యమను. ఆవ ఎక్కువ వెయ్యమను. నన్ను చూసి నువ్వు పాకలోకి పారిపోకు.

మా స్థలం వైపు మాత్రం తీసుకెళ్లకు. చింతమొక్కని దూరంగా చూస్తాను.

ఉమాశంకరం


గుడివాడ
నవంబరు 12

నాంచారయ్యా,

ఇవాళ కోడలు కార్తీకమాసం పూజలు చూసుకుంటూ క్షీరాబ్ది ద్వాదశి ఎప్పుడో చెప్పమని క్యాలెండరు నా ముందు పెట్టింది. ద్వాదశి మంగళవారం. వేలు వెనక్కి జరిపాను. సోమవారం ఏకాదశి. ఇరవై ఐదు ఆదివారం దశమి.

పంతొమ్మిది పేపరు వాళ్ల తారీఖు. మనకి కార్తీక శుద్ధ దశమి. ఆ సాయంత్రం నీళ్లు వచ్చింది దశమి నాడు. ఊరంతా తద్దినాలు పెట్టుకునే రోజు. పసిపిల్లలకి తెలియదు. భవితకి నేనెప్పుడూ చెప్పలేదు, తప్పు నాదే. ఆ మేనేజరుకి తెలియాల్సిన పని లేదు. నీకు తెలియదా? తెలుసు. తెలిసి తలూపావు.

ఆ రోజు నేను ఇక్కడ గుళ్లో ఇందిరకి పెట్టాలి. ఏటా పెడుతున్నాను. నా భార్య తద్దినం నాడు నన్ను పిక్నిక్‌కి పిలిచావు. పైగా కొత్త నులక.

నేను రాను. పిల్లకి మోకాళ్ల నొప్పులని చెబుతాను. నువ్వు ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

ఉమాశంకరం


ఉప్పలదిబ్బ
నవంబరు 18

బావా,

తెలుసు. తెలిసే తలూపాను.

ఉప్పెన తారీఖు వద్దని ఆ పిల్లలు అంత ఆలోచించి వచ్చారు. అది కూడా కాదమ్మా అని చెప్పటానికి నోరు రాలేదు. తర్వాత చెబుదామనుకున్నాను. ఇంతలో వస్తానని నీ ఉత్తరం వచ్చింది. తారీఖు కదిలిస్తే నువ్వూ కదులుతావని భయం వేసింది. నువ్వు ఇందిరకి అక్కడ పెడుతున్నావని నాకు తెలియదు. తెలిసినా ఏం చేసేవాణ్ణో.

నీ ఉత్తరం చదివి భవితకి చెప్పాను. పిల్ల తెల్లబోయింది. ఏడ్చింది. అప్పటికప్పుడు బందరు ఫోను చేసింది. వాళ్ల మేడం దుర్గాదేవి గారు, హేమంత్ మర్నాడే వచ్చారు. ఊళ్లో పెద్దవాళ్లందరం రామాలయం అరుగు మీద కూర్చున్నాం. నేను నిలబడి చెప్పాను. ఊరి ముందు నేను మాట్లాడటం అదే మొదలు.

యాత్ర మానేద్దాం అంది మేడం. మార్కులు వేరే విధంగా చూస్తామంది. హేమంత్ కూడా సరే అన్నాడు. అందరూ లేవబోతుంటే సత్యవతమ్మ పిన్ని కూర్చోమంది. నీకు గుర్తుండే ఉంటుంది, రేవు పక్క ఇల్లు.

"ఎందుకు మానటం? పోయినవాళ్లకి ఒక ఆకు వేస్తాం. దానికెదురుగా అతిథికి ఇంకో ఆకు వెయ్యాలి. ఎదురాకు దగ్గర పైమనిషి కూర్చుని కడుపునిండా తింటేనే పోయినవాళ్లకి చేరేది. అన్ని ఊళ్లలో ఇరుగుపొరుగు వచ్చి తింటారు. మన ఊళ్లో ఆ రోజు ఎవరింట్లో వాళ్లకే ఉంది ఏడుపు. ఎవరొస్తారు? ఇన్నేళ్లుగా ఎదురాకులు ఎత్తి ఆవులకే పెడుతున్నాం. భోంచెయ్యటానికి బస్సు నిండా మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తుంటే వద్దంటారేం?"

హేమంత్ మెల్లిగా అడిగాడు. "అమ్మా, కంపెనీ తరఫున వంటవాళ్లు కూడా వస్తున్నారండీ."

"వాళ్లకి కడుపులు లేవా? వాళ్లనీ కూర్చోమను" అంది.

భవిత పాత కాగితం పక్కన పెట్టి కొత్తగా రాసుకుంది. తోటలో భోజనం లేదు. ఆటల్లేవు, మైకు లేదు. ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున వెళ్తారు. వచ్చేవాళ్లకి ముందే సంగతి చెప్పి, ఇష్టమైనవాళ్లనే తెస్తుంది.

నువ్వు రావని తెలుసు. రమ్మనటానికి మొహం లేదు. చెప్పాలని రాశాను.

నాంచారయ్య


ఉప్పలదిబ్బ
నవంబరు 27

బావా,

నువ్వు జవాబు రాయలేదు. అయినా రాస్తున్నాను.

బస్సు వచ్చింది. కిటికీ పక్కన ఒక సీటు ఖాళీ. దాని మీద భవిత సంచి ఉంది. నేను రెండు మాటలు చెప్పాల్సిన చోట, నమస్కారం, రండి, ఆకులు వేశాం అన్నాను. అంతే వచ్చింది.

భవితతో మా ఇంట్లో దిగిన రెండో పిల్ల ఐశ్వర్య వాళ్లది చిలకలపూడి. ఇంట్లో గిల్టు నగలు చేస్తారు. వాళ్లమ్మ మెడనిండా గొలుసులతో దిగింది. ఊళ్లోకి నాలుగడుగులు వేసి, చుట్టూ చూసి, అన్నీ తీసి పర్సులో వేసుకుంది. ఎవరూ చెప్పలేదు.

ప్రతి ఇంట్లోనూ ఎదురాకు దగ్గర మనిషి కూర్చున్నాడు. మా ఇంట్లో మా అమ్మకి, తమ్ముడికి పెట్టాం. భవిత, ఐశ్వర్య, వాళ్లమ్మ తిన్నారు. చాలు చాలంటున్నా అన్నపూర్ణ వడ్డిస్తూనే ఉంది. వీధిలో నడుస్తుంటే అన్ని ఇళ్లలోంచీ ఒకటే మాట. ఇంకొంచెం వేసుకోండి. దశమి నాడు మన వీధిలో ఆ మాట వినటం ఇదే మొదలు.

సాయంత్రం హేమంత్ నా దగ్గరికొచ్చి "చాలా బాగుందండీ, నెలనెలా పెడదాం" అన్నాడు. సత్యవతమ్మ పిన్ని "నెలనెలా చావమంటావా నాయనా" అంది. పాపం, నవ్వాలో వద్దో తెలియక బస్సెక్కాడు. మేడం పిల్లలతో ఇవాళ రిపోర్టు రాయొద్దు, రేపు రాయండి అంది.

భవిత కోర్సు ఇక్కడికి అయిపోయింది. వెళ్లిపోయింది. ఇల్లు బావురుమంటోంది. ఆ పిల్ల ఉన్నన్నాళ్లూ నువ్వు సగం ఉన్నట్టుండేది.

నాంచారయ్య


గుడివాడ
డిసెంబరు 4

శ్రీ నాంచారయ్య గారికి,

నిన్న రాత్రి అన్నం తింటూ భవిత చెప్పింది. మీ ఇంట్లో మీ వాళ్ల ఆకులు కాక, తూర్పు వసారాలో విడిగా ఇంకో రెండు ఆకులు వేశారట. అక్కడ ఎవర్నీ కూర్చోనివ్వలేదట. ఎవరివి అని అడిగితే అన్నపూర్ణ "మీ ఇంటివమ్మా" అందట. "ఒకటి నానమ్మకి, ఒకటి అమ్మాజీ అత్తయ్యకి తాతయ్యా, ఇన్నేళ్లూ వాళ్లే పెడుతున్నారు" అని నా మనవరాలు కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను చెయ్యి కడుక్కుని లేచిపోయాను.

ఎవరిచ్చారు మీకా అధికారం?

ఇందిరని నేను చూశాను. నా చేతుల మీదుగా వెళ్లింది. అమ్మాజీని ఎవరు చూశారు? మీరు చూశారా? తొమ్మిదేళ్ల పిల్ల. ఈత వచ్చు. చెట్టెక్కటం వచ్చు. ఏ తాటిదుంగో పట్టుకుని ఏ ఒడ్డుకో చేరి ఉండొచ్చు. భయానికి ఊరి పేరు మర్చిపోయి ఉండొచ్చు. ఎవరో పెంచుకుని ఉండొచ్చు. పిచ్చి అని మధు అనుకుంటాడు. అనుకోనీ.

నేనా ఊరు ఎందుకు రానో మీకైనా తెలుసనుకున్నాను. వస్తే నలుగురూ చుట్టూ చేరి ఓదారుస్తారు. ఓదార్పు పుచ్చుకున్నానంటే అది పోయినట్టే. తండ్రిని, నేను వెయ్యని ఆకు మీరెలా వేశారు?

ఇంక నాకు ఉత్తరాలు రాయవద్దు.

ఉమాశంకరం


ఉప్పలదిబ్బ
డిసెంబరు 10

బావా,

రాయొద్దన్నావు. ఇది ఒక్కటి చదువు.

గారు అని రాశావు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేకపోయాను. మామూలుగానే మాట్లాడను కాబట్టి అన్నపూర్ణకి తేడా తెలియలేదు.

వసారాలో రెండు ఆకులు వేసేది నిజం. ఒకటి ఇందిర చెల్లెమ్మది. ఆమె ఇల్లు ఇక్కడ లేదు కదా అని మొదటి ఏడు అన్నపూర్ణే వేసింది. తర్వాత మానలేదు.

అమ్మాజీకి వెయ్యలేదు బావా. ఎప్పుడూ వెయ్యలేదు. వేద్దామని మా ఇంట్లో గానీ ఊళ్లో గానీ ఎవరూ అనలేదు. దశమి నాడు పోయినవాళ్ల పేర్లు చదివేటప్పుడు కూడా ఆ పిల్ల పేరు చదవరు. ఉమాశంకరం ఇంకా చెప్పలేదు అంటారు. అంతే.

రెండోది ఎదురాకు. అది నీది. చెల్లెమ్మ ఆకుకి ఎదురుగా తినాల్సింది నువ్వు. ఏటా వేస్తాం. పొద్దువాలేదాకా చూసి ఎత్తేస్తాం. మొన్న ఊరినిండా అంతమంది వచ్చారు. వసారాలో చోటుంది కదండీ అని హేమంత్ వంటమనిషిని తీసుకొచ్చాడు. కూర్చోనియ్యలేదు. ఆ మనిషికి నా ఆకు ఇచ్చాను.

పిల్ల పొరబడింది. రెండో ఆకు నీదని చెబితే పిల్ల బెంగపడుతుందని అన్నపూర్ణ ఊరుకుంది. భవితని ఏమీ అనకు.

నాంచారయ్య


గుడివాడ
డిసెంబరు 17

బావా,

నీ ఉత్తరం మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. ఇవాళ మధుకి చదవమని ఇచ్చాను. వాడు చదివి, చెల్లి ఆడుకున్న చోట్లన్నీ ఒక్కొక్కటే చెప్పాడు. వాడు మర్చిపోయాడనుకున్నాం, నేనూ భవితా.

ఈ ఆదివారం వస్తాను. దశమి కాదు, ఏమీ కాదు. ఉత్త ఆదివారం. ఒక్కణ్ణే వస్తాను. ఆర్టీసీ బస్సులో వస్తాను.

ఎవర్నీ ఓదార్చనియ్యకు. అమ్మాజీ మాట వస్తే ఇప్పుడు ఎంత పెరిగి ఉంటుందో, ఎవరి పోలిక వచ్చి ఉంటుందో మాట్లాడండి. లేకపోతే ఎత్తొద్దు.

ఆకు ఎదురుగా వెయ్యకు. నీ పక్కన వెయ్యి. నిన్ను చూస్తూ తినలేను.

ఉమాశంకరం


ఉప్పలదిబ్బ
డిసెంబరు 20

బావా,

ఉత్తరం అందింది. అన్నపూర్ణ కందకి మనిషిని పంపింది.

ఏ బస్సుకి వస్తావో రాయలేదు. ఫరవాలేదు. ఆదివారం తెల్లారేసరికి అవనిగడ్డ బస్టాండులో ఉంటాను. అన్ని బస్సులూ చూస్తాను.

నాంచారయ్య